శీతకాలపు ఉదయాన నగర వీధి

డిసెంబరు, జనవరి మాసాలలో తెల్లవారుజామున హైదరాబాదు వీధులు ఊడ్చే సఫాయి పనివారు రాలిన ఆకులను, చిత్తుకాగితాలను ఒక మూలకు పోగుచేసి నిప్పు పెట్టడం చాలామంది చూచే ఉంటారు. చెత్త తొలగినట్లూ అవుతుంది, చలికి చేతులు కాచుకొన్నట్లూ అవుతుంది. అయితే ఆ పొగను కాస్త నిలబడి గమనించినవారు తక్కువ. అది కొంత ఎత్తు వరకు సన్నని స్తంభంలాగా నిలువుగా లేస్తుంది. తరువాత, కంటికి కనిపించని కప్పు ఏదో అడ్డుతగిలినట్లు ఆగిపోయి, ప్రక్కలకు పరచుకొని, వీధిమీద పలుచని తెరలాగా నిలుస్తుంది. అదే వీధిలో అవే ఆకులకు మధ్యాహ్నం రెండు గంటలకు నిప్పు పెడితే, పొగ మెలికలు తిరుగుతూ పైకి పోయి, చూస్తూ ఉండగానే మాయమవుతుంది. మంట మారలేదు, ఆకులు మారలేదు. మారినది వాటి పైనున్న గాలి.

గాలి ఎందుకు మారినదో తెలిసికొనడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. శీతకాలంలో నగర వీధిని, అందులోని గోడలను, పక్షులను, కుక్కలను శ్రద్ధగా చూచినవారికి కారణం చాలావరకు అక్కడనే దొరుకుతుంది.

పగలు సూర్యకాంతిని గ్రహించి వేడెక్కిన నేల, రాత్రి ఆ వేడిని పరారుణ కిరణాల రూపంలో ఆకాశానికి వదలుతుంది. దీనినే వికిరణం అంటారు. ఆకాశంలో మబ్బు ఉన్నట్లయితే అది ఆ కిరణాలను గ్రహించి, కొంత భాగాన్ని తిరిగి నేలకు పంపుతుంది. కప్పుకొన్న దుప్పటిలాగా పనిచేస్తుంది. వానాకాలపు రాత్రులు అంతగా చల్లబడకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఋతుపవనాలు వెనుదిరిగిన తరువాత దక్కను పీఠభూమి మీద ఆకాశం నిర్మలమవుతుంది. గాలిలో తేమ తగ్గుతుంది, గాలి వేగం మందగిస్తుంది, రాత్రి నిడివి పెరుగుతుంది. డిసెంబరు 22వ తేదీ ప్రాంతాన హైదరాబాదులో పగటి నిడివి 11 గంటలకు కొద్ది నిమిషాలు మాత్రమే ఎక్కువ. రాత్రి దాదాపు 13 గంటలు. ఇన్ని గంటలపాటు నేల తన వేడిని పోగొట్టుకొంటూనే ఉంటుంది. బేగంపేటలో 1946 జనవరి 8వ తేదీన ఉష్ణోగ్రత 6.1 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగిపోయింది.

నేల చల్లబడగా దానిని ఆనుకొని ఉన్న గాలి పొర కూడా చల్లబడుతుంది. సాధారణంగా పైకి పోయినకొద్దీ గాలి చల్లగా ఉంటుంది. సగటున కిలోమీటరు ఎత్తుకు 6.5 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుందని విద్యార్థులు చదువుకొనే ఉంటారు. శీతకాలపు రాత్రి ఈ క్రమం తలక్రిందులవుతుంది. అడుగున చల్లని గాలి, దానిపైన వెచ్చని గాలి. దీనికి ఉష్ణ విలోమం అని పేరు. చల్లని గాలి బరువైనది గనుక అడుగుననే కదలక పడి ఉంటుంది. మంటనుంచి లేచిన పొగ మొదట వేడిగా, తేలికగా ఉంటుంది. పైకి పోతూ చల్లారుతుంది. చుట్టూ ఉన్న గాలి తనకంటె వెచ్చగా ఉన్న చోటికి చేరగానే దానిని పైకి నెట్టే బలం నశిస్తుంది. అక్కడ ఆగిపోతుంది. వీధిలో కనిపించిన ‘కప్పు’ ఇదే.

ఈ కప్పు ఎంత ఎత్తున ఉన్నది అన్న ప్రశ్న చిన్నదిగా తోస్తుంది కాని, నగరవాసుల ఊపిరి దానిమీదనే ఆధారపడి ఉన్నది. శీతకాలంలోనైనా మధ్యాహ్నం వేళ నేలనుంచి వెయ్యి, పదిహేనువందల మీటర్ల ఎత్తు వరకు గాలి కలసిమెలసి తిరుగుతూ ఉండవచ్చును. తెల్లవారుజామున ఆ ఎత్తు నూరు మీటర్లకు, ఒక్కొక్కప్పుడు అంతకంటె తక్కువకు దిగిపోతుంది. 1,500 మీటర్ల ఎత్తు గల గదిలో పలచబడిన పొగను అదే వైశాల్యం గల 100 మీటర్ల గదిలో కుక్కినట్లయితే దాని సాంద్రత 15 రెట్లవుతుంది. ఇందుకు నగరంలో ఒక్క మోటారు బండి కూడా కొత్తగా చేరనక్కరలేదు. లెక్క మోటుదే, నిజమైన గాలి గదిలాగా గోడలతో ఉండదు. అయినా దారి చూపడానికి చాలును.

ఈ లెక్క ఎంతదూరం పోగలదో 1952 డిసెంబరులో లండను నగరం చూచింది. ఆ నెల 5 నుంచి 9వ తేదీ వరకు గాలి స్తంభించి, ఉష్ణ విలోమం నగరం మీద మూతలాగా నిలిచిపోయింది. చలి ఎక్కువ కావడంతో ఇంటింటా బొగ్గు కుంపట్లు మండినవి. పొగ, పొగమంచు కలిసి పట్టపగలే ఎదుటి మనిషి కనిపించని స్థితి వచ్చింది. ఆనాడు వేసిన అంచనా ప్రకారమే సుమారు 4,000 మంది అకాలమరణం పాలైనారు. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్య 12,000 వరకు ఉండవచ్చునని లెక్కకట్టారు. ఆ అయిదు రోజులలో లండనులో పొగగొట్టాలు అకస్మాత్తుగా పెరగలేదు. వాటిపైనున్న మూత దిగింది, అంతే. 1956లో బ్రిటను పరిశుభ్రమైన గాలి కోసం ప్రత్యేక శాసనం చేసింది.

హైదరాబాదు చలి లండను చలి కాదు. ఇక్కడ ఇండ్లలో బొగ్గు కుంపట్లు మండవు. కాని మోటారు బండ్లు వదిలే పొగ, రోడ్ల దుమ్ము, తగలబెట్టిన చెత్త పొగ ఇక్కడ కూడా అదే మూత క్రింద చిక్కుకొంటాయి. ఇందులో ఎక్కువ హాని చేసేవి కంటికి ఆనని కణాలు. మనిషి వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రోమీటర్లు, 2.5 మైక్రోమీటర్లకు లోపు ఉన్న కణాలు ముక్కులోను, గొంతులోను ఆగక ఊపిరితిత్తుల చివరి గాలిగదులదాకా పోతాయి. గుండెజబ్బులకు కూడా ఇవి దోహదం చేస్తాయి. భారతదేశంలో 2009లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం ఒక ఘనపు మీటరు గాలిలో ఇట్టి కణాలు 24 గంటల సగటున 60 మైక్రోగ్రాములకు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన మేర ఇంకా తక్కువ, 15 మైక్రోగ్రాములు. ఇవి రోజు మొత్తానికి తీసిన సగటులని గుర్తుంచుకొనవలె. సగటు మంచిదిగా కనిపించిన రోజున కూడా సూర్యోదయానికి అటూ ఇటూ రెండు మూడు గంటలపాటు గాలి చాలా చెడుగా ఉండవచ్చును.

సరిగా ఆ గంటలలోనే వీధిలో ఉండేవారెవరు? ఊడ్చేవారు, పాలు, పత్రికలు వేసేవారు, కూరగాయల బండి తోసుకొని వచ్చేవారు, రాత్రంతా కాపలా కాచి చలిమంట దగ్గర ముడుచుకొన్న చౌకీదారు, కాలిబాట మీద నిద్రించేవారు. ఆరోగ్యం కోసమని చీకటితోనే నడకకు బయలుదేరే పెద్దలు, ఆటల పోటీలకు సాధన చేసే విద్యార్థులు కూడా వీరితో చేరుతారు. పరుగెత్తేవాడు కూర్చున్నవానికంటె ఎన్నో రెట్లు ఎక్కువ గాలి పీలుస్తాడు. డిసెంబరులో పాఠశాల వ్యాయామ తరగతిని ఆరు గంటలనుంచి తొమ్మిదికో, లేదా సాయంకాలం నాలుగింటికో మార్చడానికి ఖర్చేమీ లేదు. ఆకులు తగలబెట్టడం విషయమంటారా, 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునలు దేశమంతటా చెత్తను ఆరుబయట కాల్చడాన్ని నిషేధించి, మామూలుగా కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్దయెత్తున కాల్చినవారికి 25,000 రూపాయలు జరిమానా నిర్ణయించింది. ఆకుల కుప్పను మోసుకొనిపోవడానికి బండి, చలికి ఒక ఉన్నికోటు ఇవ్వకుండా జరిమానా మాత్రమే చూపితే ఆ మంట ఆరడం కష్టం. ఆ పొగను అందరికంటె దగ్గరగా నిలబడి పీల్చేది ఊడ్చే మనిషే.

మూత ఎప్పుడు తొలగుతుందో చెప్పే గడియారం ఆకాశంలోనే ఉన్నది. హైదరాబాదు మీద గ్రద్దలకు కొదవ లేదు. శీతకాలపు ఉదయం అవి చెట్లమీద, నీటిట్యాంకులమీద, దీపస్తంభాలమీద రెక్కలు ముడిచి కూర్చుని ఉంటాయి. ఎగిరినా రెక్కలు కొట్టుకొంటూ తక్కువ ఎత్తున పోతాయి. సూర్యుడు వచ్చిన రెండు మూడు గంటల తరువాత ఒకటి రెండు గ్రద్దలు రెక్కలు చాచి, కొట్టకుండానే గుండ్రంగా తిరుగుతూ పైకి లేవడం ప్రారంభిస్తాయి. అంటే నేల వేడెక్కినది. నేలనుంచి వెచ్చని గాలి బుడగలుబుడగలుగా పైకి లేస్తున్నది. ఆ సంవహన ప్రవాహాన్ని ఆధారం చేసికొని పక్షి శ్రమలేకుండా ఎత్తుకు పోతున్నది. అదే ప్రవాహం వీధిలోని పొగను కూడా మోసుకొనిపోతుంది. సంక్రాంతినాడు మిద్దెలమీద పతంగులు ఎగురవేసే పిల్లలకు కూడా ఈ సంగతి అనుభవంలో ఉన్నదే. తెల్లవారినప్పుడు దారం ఎంత గుంజినా పతంగు లేవదు. పొద్దెక్కిన తరువాత, పై పొరలలోని గాలి క్రిందికి కలిసి వచ్చినప్పుడు, దానంతట అదే అందుకొంటుంది.

ఉష్ణ విలోమానికి చెవి కూడా సాక్ష్యం చెపుతుంది. వెచ్చని గాలిలో ధ్వని వేగం ఎక్కువ. పైన వెచ్చని గాలి ఉన్నప్పుడు పైకి పోయే ధ్వని తరంగాలు వంగి మళ్ళీ నేలకు వస్తాయి. పగలు వినపడని కాచిగూడ రైలు కూత చలికాలపు తెల్లవారుజామున ఎక్కడో దూరాన ఉన్న ఇంటిలో వినిపించడానికి వీధుల నిశ్శబ్దం ఒక్కటే కారణం కాదు.

గాలి సంగతి ఇట్లు ఉండగా, గోడల సంగతి మరొకటి. వేకువన వీధిలో నిలిపి ఉంచిన కార్ల పైకప్పులు మంచుతో తడిసి ఉంటాయి; ప్రక్కనే ఉన్న తారురోడ్డు పొడిగా ఉంటుంది. చెట్టు క్రింద ఆపిన కారుమీద మంచు తక్కువ, ఒక్కొక్కప్పుడు అసలే ఉండదు. పలుచని లోహపు రేకులో నిలవ ఉండే వేడి స్వల్పం. అది ఆకాశానికి వికిరణం చేసి చుట్టూ ఉన్న గాలికంటె చల్లనవుతుంది. గాలిలోని ఆవిరి దానిమీద నీరుగా మారుతుంది. రోడ్డు క్రింద పగటి వేడి నిలవ ఉన్నది గనుక అది అంతగా చల్లబడదు. చెట్టు కొమ్మలు ఆకాశానికి అడ్డువస్తాయి గనుక దాని క్రింది కారు తన వేడిని ఆకాశానికి బదులు ఆకులకు ఇచ్చి, వాటి వేడిని తాను తీసికొంటుంది. వీధికుక్కలకు ఈ సూత్రం ఎవరూ చెప్పలేదు కాని, రాత్రి అవి పడుకొనేది గోడ ప్రక్కన, అరుగుల క్రింద, ఆరిన బూడిదలో.

మనుష్యులు కూడా అంతే. 1908లో వచ్చిన మూసీ వరదల తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ చార్మినారు దారిలో పత్తర్‌గట్టి వీధిని రాతి కమానులతో కట్టించింది. దుకాణాల ముందు వసారాలాగా సాగిన ఆ కమానుల క్రింద రాత్రి నిలబడినవానికి, నడివీధిలో నిలబడినవానికంటె చలి తక్కువ. గాలి ఉష్ణోగ్రతలో తేడా కొద్దిదే. తేడా అంతా తలపైన ఉన్నదానిలో ఉన్నది: ఒకచోట చల్లని ఆకాశం, మరొకచోట పగలంతా వేడెక్కిన రాయి.

రాయి వేడిని ఎట్లు దాచుకొంటుందో కొంచెం వివరంగా చూడదగినది. గోడ వెలుపలి ముఖాన పడిన వేడి లోపలికి ఒక అలలాగా మెల్లగా ప్రయాణం చేస్తుంది. తొమ్మిది అంగుళాల ఇటుకగోడను దాటడానికి దానికి ఆరేడు గంటలు పడుతుంది. అర మీటరు మందం గల గ్రానైటు గోడ అయితే దాదాపు పది గంటలు. అంతేకాదు, లోపలి ముఖానికి చేరేసరికి ఆ అల పరిమాణం పదిహేనవ వంతుకు పడిపోతుంది. మధ్యాహ్నం రెండు గంటల ఎండ ఆ గోడ లోపలి ప్రక్కన తెలిసేది అర్ధరాత్రికి, అదీ లీలగా. మందపాటి రాతిగోడలు గల పాత కట్టడాలు వేసవిలో చల్లగాను, చలికాలంలో వెచ్చగాను ఉంటాయని పెద్దలు చెప్పే మాటకు అర్థం ఇది. అవి వేడిని పుట్టించవు, తేడాను మాత్రమే తగ్గిస్తాయి.

గోడ మందంతో పాటు అది చూచే దిక్కు కూడా ముఖ్యం. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. డిసెంబరు 22న సూర్యుడు మకరరేఖ మీద ఉంటాడు గనుక మధ్యాహ్నం ఇక్కడ దక్షిణాన 49 డిగ్రీల ఎత్తున మాత్రమే కనిపిస్తాడు. ఆనాడు 20 మీటర్ల ఎత్తు గల మేడ నీడ ఉత్తరానికి 17 మీటర్ల దూరం పడుతుంది. జూన్ 21న సూర్యుడు నడినెత్తి దాటి 6 డిగ్రీలు ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. అదే మేడ నీడ దక్షిణానికి రెండు మీటర్లు. మీటరు కర్ర ఒకటి ఆటస్థలంలో పాతి విద్యార్థులు దీనిని స్వయంగా చూడవచ్చును. డిసెంబరు 22 మధ్యాహ్నం దాని నీడ 86 సెంటీమీటర్లు రావలె. గడియారం సరిగ్గా పన్నెండు కొట్టినప్పుడు కొలిస్తే పొరబాటవుతుంది. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, హైదరాబాదు 78.5 డిగ్రీల మీద ఉన్నది. కాబట్టి ఆ రోజున ఇక్కడ నీడ అతి పొట్టిగా ఉండేది సుమారు 12 గంటల 14 నిమిషాలకు.

1591లో కట్టిన చార్మినారు నాలుగు ముఖాలూ నాలుగు దిక్కులను చూస్తాయి; వీధులు కూడా అట్లే నాలుగు దిక్కులకు సాగుతాయి. పడమటికి పోయే లాడ్‌బజారు వంటి తూర్పుపడమటి వీధులలో దక్షిణపు ప్రక్క మేడల నీడ వీధిని కప్పుతుంది. ఎండ పడేది ఉత్తరపు ప్రక్క, దక్షిణాన్ని చూచే గోడలమీద. నగరంలో ఎక్కడైనా సరే, చలికాలంలో తొమ్మిది గంటలప్పుడు ఇరానీ చాయ్ కప్పు పట్టుకొని జనం గుంపుగా నిలబడిన ప్రక్క ఏదో చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. మే నెలలో అదే జనం ఎదుటి ప్రక్కకు మారుతారని ఊహించడం సులభమే కాని, తప్పు: అప్పుడు సూర్యుడు నెత్తిమీదనే ఉంటాడు, మధ్యాహ్నం నీడ ఏ ప్రక్కనా దొరకదు.

దక్షిణపు కిటికీ పైన 60 సెంటీమీటర్ల సజ్జా ఉంటే డిసెంబరు మధ్యాహ్నం దాని నీడ 70 సెంటీమీటర్ల వరకే దిగుతుంది. కిటికీ క్రింది భాగంనుంచి ఎండ గదిలోకి వస్తుంది. ఏప్రిలు వచ్చేసరికి అదే సజ్జా కిటికీని పూర్తిగా నీడలో ఉంచుతుంది. అద్దాల మేడలకు ఈ సౌకర్యం లేదు. మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలలో సజ్జా లేకుండా నిలువునా అద్దం బిగించిన ఎత్తయిన మేడలు అనేకం ఉన్నవి. డిసెంబరు మధ్యాహ్నం సూర్యకిరణాల తీవ్రతలో దాదాపు మూడింట రెండు వంతులు దక్షిణపు గోడమీద పడతాయి. మామూలు అద్దం ఆ కాంతిని లోపలికి రానిస్తుంది; లోపలి వస్తువులు వదిలే పరారుణ కిరణాలను మాత్రం బయటికి పోనివ్వదు. బయట ఉన్నికోట్లు తొడిగే రోజులలో లోపల చల్లని గాలి యంత్రాలు నడపవలసి రావడం ఇందువల్లనే. ఆ యంత్రాలు లోపలినుంచి తోడిన వేడిని ఎక్కడికి పంపుతాయి? తిరిగి వీధిలోకే.

ఈ విధంగా రాయి, ఇటుక, తారు దాచుకొన్న వేడి, యంత్రాల వేడి కలిసి నగరపు రాత్రిని చుట్టుప్రక్కల పల్లెల రాత్రికంటె వెచ్చగా ఉంచుతాయి. దీనిని మొదట కొలతలతో చూపినవాడు ల్యూక్ హోవర్డు. ఆయన వృత్తి మందుల తయారీ. మేఘాలకు నేటికీ వాడుకలో ఉన్న పేర్లు పెట్టినది కూడా ఆయనే. లండను శీతోష్ణస్థితి మీద 1818 నుంచి ప్రచురించిన గ్రంథంలో, ఆ నగరం రాత్రివేళ పల్లెకంటె సుమారు 2 సెంటిగ్రేడు డిగ్రీలు వెచ్చగా ఉన్నదనీ, పగటి తేడా అత్యల్పమనీ ఆయన చూపాడు. నేడు శాస్త్రజ్ఞులు దీనిని నగర ఉష్ణద్వీపం అంటారు. మబ్బులేని, గాలిలేని శీతకాలపు రాత్రులలోనే ఈ తేడా బాగా పెరుగుతుంది.

ఇప్పుడు ఆకుల పొగ కథ పూర్తిగా తెలుస్తుంది. నగర శివార్లలో, తెరపి పొలాల దగ్గర నేల పూర్తిగా చల్లబడుతుంది గనుక విలోమం నేలనుంచే మొదలవుతుంది; అక్కడ చల్లారిన పొగ నేలను పట్టుకొని పాకుతుంది. నగరం నడిబొడ్డున గోడల, రోడ్ల వెచ్చదనం అడుగు పొరను కొద్దిగా కలియబెడుతూ ఉంటుంది. ఆ మేరకు పొగ నిలువుగా లేస్తుంది. దాని పైన చల్లని రాత్రి యథాప్రకారం మూతవేసి ఉంటుంది. కాబట్టి నగర వీధి తన వెచ్చదనంతో మూతను కొంచెం పైకి ఎత్తగలదు కాని, తెరవలేదు. అందుకు సూర్యుడు రావలసినదే.

ఈ తేడాను పాఠశాల విద్యార్థులు కూడా కొలవవచ్చును. 1920 దశకం చివర వియన్నాలో విల్హెల్మ్ ష్మిట్ మోటారుకారుకు ఉష్ణమాపకం కట్టి నగరం ఈ చివరనుంచి ఆ చివరకు పోయి ఉష్ణోగ్రతలు వ్రాసికొన్నాడు. ఇక్కడ ఇద్దరు విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు, ఒక సాధారణ ఉష్ణమాపకం చాలును. నిర్మలమైన జనవరి రాత్రి, సూర్యోదయానికి గంటన్నర ముందు ఇండ్లు క్రిక్కిరిసిన పేటలో బయలుదేరి, ఒక పార్కు, ఒక చెరువుగట్టు, చివర తెరపి మైదానం వరకు పోవలె. ప్రతిచోటా నేలకు 1.2 మీటర్ల ఎత్తున, గోడలకు, బండి ఇంజనుకు దూరంగా ఉష్ణమాపకాన్ని అయిదు నిమిషాలు ఉంచి చూడవలె. పోయిన దారినే తిరిగి వచ్చి అవే చోట్ల మళ్ళీ కొలిచి, రెండింటి సగటు తీసికొనవలె. ఎందుకనగా తిరుగుతున్నంతసేపూ రాత్రి ఇంకా చల్లబడుతూనే ఉంటుంది. చెరువుగట్టు దగ్గర వచ్చే అంకెను ముందుగా ఊహించి వ్రాసిపెట్టుకొనడం మంచిది. నీటి విశిష్టోష్ణం రాతికంటె దాదాపు అయిదు రెట్లు ఎక్కువ.